తెలుగు శీర్షికకు ఇంగ్లీషు లింకు: వర్డ్‌ప్రెస్ ప్లగిన్ రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. వర్డ్‌ప్రెస్ మీద తెలుగు పత్రిక నడుపుతున్నారు. శీర్షిక తెలుగులో పెడితే లింకు బారెడు పొడుగు శాతం గుర్తులతో వస్తోంది, పైగా మధ్యలో తెగిపోతోంది. ఎక్కడో దొరికిన కోడ్ ముక్కను థీమ్‌లోని ఫంక్షన్స్ డాట్ పీహెచ్‌పీలో పెడితే కొన్నాళ్లు పనిచేసింది, థీమ్ అప్‌డేట్ కాగానే ఎగిరిపోయింది. అందుకే ప్లగిన్‌గా, అంటే థీమ్‌తో సంబంధం లేకుండా వర్డ్‌ప్రెస్‌కు విడిగా తగిలించే కోడ్‌గా, రాద్దామనుకుంటున్నారు. పీహెచ్‌పీ కొద్దిగా వచ్చు. క్లాసులు, ఆబ్జెక్టులు నేర్చుకోవాలా, తర్వాత దాన్ని వర్డ్‌ప్రెస్ డైరెక్టరీలో (అందరూ ప్లగిన్లు దించుకునే వాళ్ల సొంత జాబితాలో) పెట్టొచ్చా అన్నవి మిగతా ప్రశ్నలు.

క్లాసులు అక్కర్లేదు. మీకు కావలసిన ప్లగిన్ ఒకే ఒక్క ఫైలు, నాలుగైదు ఫంక్షన్లు. కోడ్ రాయడం ఇందులో చిన్న పని. వర్డ్‌ప్రెస్‌లో ఏ చోట మీ ఫంక్షన్‌ను తగిలించాలి, అది ఎప్పుడు నోరు మూసుకుని పక్కకు తప్పుకోవాలి అన్నదే అసలు పని. నా సమాధానంలో ఎక్కువ భాగం దాని గురించే ఉంటుంది.

ముందు లింకు ఎందుకు తెగుతోందో చూడండి, లేకపోతే తప్పు చోట వైద్యం చేస్తారు. లింకులో ఆ పోస్టు పేరుగా వచ్చే ముక్కను స్లగ్ అంటారు. డేటాబేస్‌లోని పోస్టుల టేబుల్‌లో ఆ స్లగ్ దాచుకునే గడి 200 అక్షరాల వరకే పడుతుంది. తెలుగులో ప్రతి యూనికోడ్ గుర్తూ యూటీఎఫ్-8లో (అక్షరాలను కంప్యూటర్‌లో దాచే పద్ధతి) 3 బైట్లు. లింకులో పెట్టేటప్పుడు ఒక్కో బైటూ శాతం గుర్తుతో కలిపి 3 అక్షరాలవుతుంది. అంటే ఒక్క 'త'కు 9 అక్షరాలు. పైగా గుణింతం గుర్తు వేరే, పొల్లు వేరే, సున్నా వేరే. 'తెలుగు' అనే మూడక్షరాల మాటకు 6 గుర్తులు, 54 అక్షరాల చోటు. మొత్తం మీద శీర్షికలో 22 గుర్తులకు మించి పట్టవు.

'ఆంధ్రప్రదేశ్ చరిత్ర పుస్తకాలు' అని శీర్షిక పెట్టారనుకోండి. మొదటి మాటకు 108, రెండోదానికి 54, మధ్యలో గీతలు రెండు, వెరసి 164. మిగిలింది 36, అందులో నాలుగు గుర్తులే పడతాయి. కాబట్టి లింకు 'ఆంధ్రప్రదేశ్-చరిత్ర-పుస్' దగ్గర ఆగుతుంది. అదే శీర్షికతో రెండో భాగం వేస్తే, వర్డ్‌ప్రెస్ చివర '-2' తగిలించడానికి చోటు కోసం ఇంకో గుర్తు కోసేస్తుంది. ఆ పొల్లు కూడా పోయి 'పుస-2' మిగులుతుంది. సీరియల్ వేసే పత్రికల్లో లింకులన్నీ ఒకేలా కనిపించి చివర అంకె మాత్రమే మారేది ఇందుకే. ఇది థీమ్ లోపమూ కాదు, హోస్టింగ్ లోపమూ కాదు. ఆ గడిని డేటాబేస్‌లో పెద్దది చేసేద్దామని కొందరు సలహా ఇస్తారు, వినకండి. 200 అన్న హద్దు వర్డ్‌ప్రెస్ కోడ్‌లోనూ రాసి ఉంది.

ఇంకో మాట. గూగుల్ కోసమైతే ఈ పని పెట్టుకోకండి. చదివేవాళ్ల భాషలోని మాటలు లింకులో ఉంటే గూగుల్‌కు ఏ అభ్యంతరమూ లేదు. వాట్సాప్‌లో పంపితే లింకు స్క్రీనంతా పాకుతోందనో, సీరియల్ భాగాలు గుర్తుపట్టలేకపోతున్నామనో అయితే చేయండి.

ఇక ప్లగిన్. వర్డ్‌ప్రెస్‌లో డబ్ల్యూపీ-కంటెంట్ అనే ఫోల్డర్ ఉంటుంది. దానిలోని ప్లగిన్స్ ఫోల్డర్‌లో మీ ప్లగిన్ పేరుతో ఒక ఫోల్డర్, అందులో అదే పేరుతో ఒక పీహెచ్‌పీ ఫైలు పెట్టండి. ఫైలు పైన కామెంట్‌లో 'ప్లగిన్ నేమ్' అనే వరుస ఒక్కటి ఉంటే చాలు, అడ్మిన్‌లో ప్లగిన్ల జాబితాలో కనిపిస్తుంది. వెర్షన్, రచయిత, లైసెన్స్ వరుసలు తర్వాతైనా రాసుకోవచ్చు. దాని కిందే, ఫైలును ఎవరైనా బ్రౌజర్‌లో నేరుగా తెరిస్తే ఆగిపోయేలా ఏబీఎస్‌పాత్ అనే స్థిరాంకం ఉందో లేదో చూసే ఒక లైను వేయండి. మీ ఫంక్షన్ల పేర్లన్నిటికీ ముందు పత్రిక పేరులోంచి నాలుగైదు అక్షరాలు తగిలించండి. 'మేక్ స్లగ్' లాంటి బోడి పేరు పెడితే అదే పేరు వేరే ప్లగిన్‌లో కూడా ఉన్న రోజున సైటు మొత్తం పడిపోతుంది.

తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఒకటుంది. మీ ఫైల్లో ఏ తెలుగు అక్షరానికి ఏ ఇంగ్లీషు అక్షరమో చెప్పే పట్టిక ఉంటుంది కాబట్టి దాన్ని యూటీఎఫ్-8లోనే సేవ్ చేయాలి, అదీ 'బామ్' లేకుండా. బామ్ అంటే కొన్ని ఎడిటర్లు ఫైలు మొదట్లో కనపడకుండా పెట్టే 3 బైట్లు. యాక్టివేట్ చేయగానే 'ప్లగిన్ 3 క్యారెక్టర్ల అనవసరమైన అవుట్‌పుట్ ఇచ్చింది' అనే అర్థంలో ఇంగ్లీషులో సందేశం వచ్చిందంటే, కోడ్ వెతక్కండి, అది బామే. వీఎస్ కోడ్‌లో కింద కుడివైపు ఎన్‌కోడింగ్ మీద నొక్కి మళ్లీ సేవ్ చేస్తే పోతుంది. అలాగే ఫైలు చివర పీహెచ్‌పీ ముగింపు గుర్తు పెట్టకండి. దాని తర్వాత ఒక్క ఖాళీ లైను ఉన్నా ఇదే గొడవ.

ఇప్పుడు హుక్, అంటే మీ ఫంక్షన్‌ను తగిలించే కొక్కెం. వర్డ్‌ప్రెస్‌లో హుక్కులు రెండు రకాలు. యాక్షన్ అంటే 'ఫలానాది జరుగుతోంది, నీకేమైనా పని ఉంటే చేసుకో' అని పిలవడం. ఫిల్టర్ అంటే 'ఇదిగో ఈ విలువ, మార్చాలంటే మార్చి తిరిగి ఇవ్వు' అనడం. ఫిల్టర్‌లో విలువ తిరిగి ఇవ్వడం మరిచిపోతే అక్కడ ఖాళీ మిగులుతుంది. కొత్తవాళ్ల కోడ్‌లో పోస్టులు శీర్షిక లేకుండా మాయమైపోతే నేను మొదట చూసేది రిటర్న్ ఉందా లేదా అని. (కింద ఇచ్చే పేర్లలో పదాల మధ్య అండర్‌స్కోర్ ఉంటుంది, చదవడానికి వీలుగా ఇక్కడ వదిలేస్తున్నాను.)

మీకు దొరికిన కోడ్ ముక్క దాదాపుగా 'శానిటైజ్ టైటిల్' అనే ఫిల్టర్‌కు తగిలించినదై ఉంటుంది. ఇలాంటివన్నీ దానికే తగిలిస్తారు. రష్యన్, బల్గేరియన్ భాషలకు చాలాకాలంగా ఉన్న ప్లగిన్లదీ అదే దారి. దాన్ని వాడేటట్టయితే రెండు సంగతులు తెలియాలి. ఒకటి ప్రయారిటీ, అంటే ఎవరు ముందు నడవాలో చెప్పే అంకె, చిన్నది ముందు. శీర్షికను శాతం గుర్తుల్లోకి మార్చే వర్డ్‌ప్రెస్ సొంత ఫంక్షన్ అదే ఫిల్టర్‌కు 10 అనే ప్రయారిటీతో తగిలి ఉంటుంది. మీరు ఏమీ చెప్పకపోతే మీదీ 10 అవుతుంది, వరుసలో దాని తర్వాత నిలబడుతుంది. మీ దగ్గరికి వచ్చేసరికి శీర్షికలో తెలుగు అక్షరం ఒక్కటీ ఉండదు, మీ పట్టికకు దొరికేదేమీ ఉండదు. ఎర్రర్ కూడా రాదు. 'కోడ్ అంతా కరెక్టే, కానీ ఏమీ జరగడం లేదు' అని తల పట్టుకునేవాళ్లలో ఎక్కువమంది సమస్య ఇదే. 9 ఇస్తే సరిపోతుంది.

రెండోది సందర్భం. ఆ ఫిల్టర్ మీకు మూడు విలువలు ఇస్తుంది, మూడోది 'సేవ్' లేదా 'క్వెరీ'. పాఠకుడు పాత లింకు నొక్కినప్పుడు పోస్టును వెతకడానికి కూడా ఇదే ఫిల్టర్ 'క్వెరీ' పేరుతో నడుస్తుంది. అప్పుడు కూడా మీరు ఇంగ్లీషులోకి మార్చేస్తే పాత తెలుగు స్లగ్గులు దొరక్కుండాపోయే ప్రమాదం ఉంది. కాబట్టి 'సేవ్' కాకపోతే వచ్చినదాన్ని వచ్చినట్టే తిరిగి ఇచ్చేయాలి. మూడో విలువ మీ చేతికి రావాలంటే తగిలించేటప్పుడే ఆర్గ్యుమెంట్లు 3 అని చెప్పాలి.

ఇంత జాగ్రత్త పడినా ఈ ఫిల్టర్ నాకు నచ్చదు. కారణం, దీన్ని పోస్టుల కోసమే కాదు, వర్డ్‌ప్రెస్ అడుగడుగునా వాడుతుంది. మీ థీమ్ హోమ్ పేజీలో 'కవిత్వం' అనే వర్గాన్ని దాని తెలుగు స్లగ్‌తో పిలిచే కోడ్ ఉందనుకోండి. వర్గాలను స్లగ్‌తో వెతికే చోట వర్డ్‌ప్రెస్ ఇదే ఫంక్షన్‌ను 'సేవ్' సందర్భంతోనే పిలుస్తుంది. మీ ప్లగిన్ దాన్ని ఇంగ్లీషు చేసి ఇస్తుంది, డేటాబేస్‌లో మాత్రం తెలుగుదే ఉంది. వర్గం దొరకదు, హోమ్ పేజీలో కవిత్వం శీర్షిక కింద ఖాళీ. ప్లగిన్ వేసిన రోజున ఎవరూ గమనించరు, వారం తర్వాత ఒక కవి ఫోన్ చేస్తాడు.

అందుకని మీ అవసరానికి 'డబ్ల్యూపీ ఇన్సర్ట్ పోస్ట్ డేటా' అనే ఫిల్టర్ మేలు. పోస్టు డేటాబేస్‌లోకి వెళ్లే ముందు చివరి మెట్టు అది. వర్గాలు, ట్యాగులు దాని జోలికి రావు. అక్కడ మీ ఫంక్షన్ చేయాల్సిన మొదటి పని, ఎప్పుడు ఏమీ చేయకూడదో చూసుకోవడం. పోస్ట్ టైప్ 'పోస్ట్' కాకపోతే వెనక్కి తగ్గాలి, ఎందుకంటే రివిజన్లూ మెనూ ఐటమ్‌లూ కూడా ఇదే దారిన వెళ్తాయి. స్లగ్ ఖాళీగా ఉంటే వదిలేయాలి, డ్రాఫ్టుకు వర్డ్‌ప్రెస్ స్లగ్ కట్టదు, పబ్లిష్ లేదా షెడ్యూల్ చేసినప్పుడే కడుతుంది. స్లగ్‌లో శాతం గుర్తు లేకపోతే సంపాదకుడు తానే ఇంగ్లీషులో రాసుకున్నాడని అర్థం, ముట్టుకోకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ఆ పోస్టుకు డేటాబేస్‌లో ఇప్పటికే స్లగ్ ఉంటే దాన్ని మార్చకూడదు. ఐడీ వచ్చిందో లేదో చూసి, వస్తే పాత పోస్టును తెచ్చి దాని స్లగ్ ఖాళీగా ఉందా అని అడగండి. లేకపోతే పాత వ్యాసంలో ఒక అచ్చుతప్పు దిద్దగానే దాని లింకు మారిపోతుంది.

ఇవన్నీ దాటాక శీర్షికను తీసుకుని ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చి స్లగ్ గడిలో పెట్టాలి. ఈ ఫిల్టర్‌లోకి వచ్చే డేటాలో కొటేషన్ గుర్తుల ముందు స్లాష్‌లు ఉంటాయి, ముందు 'డబ్ల్యూపీ అన్‌స్లాష్' చేయండి. ఇంకోటి చాలామంది చూసుకోరు: ఒకే స్లగ్ రెండు పోస్టులకు రాకుండా చూసే పని ఈ ఫిల్టర్ కంటే ముందే అయిపోతుంది. మీరు కొత్త స్లగ్ పెడుతున్నారు కాబట్టి 'డబ్ల్యూపీ యునీక్ పోస్ట్ స్లగ్'ను మీరే మళ్లీ పిలవాలి. పిలవకపోతే రెండు వ్యాసాలకు ఒకే లింకు పడుతుంది, ఒకటి మాత్రమే తెరుచుకుంటుంది.

ఈ దారిలో ఒక లోటు ఉంది. పబ్లిష్ చేసేదాకా ఎడిటర్‌లో పక్కన చూపించే లింకు తెలుగులోనే ఉంటుంది, తర్వాతే మారుతుంది. మీ సబ్ ఎడిటర్లకు ముందే చెప్పి ఉంచండి.

అక్షరాల మార్పిడి దగ్గర సరదా మొదలవుతుంది. పీహెచ్‌పీలో ఐఎన్‌టీఎల్ అని రెడీమేడ్ ఎక్స్‌టెన్షన్ ఉంది, తెలుగు నుంచి లాటిన్‌లోకి అదే మార్చి పెడుతుంది. కానీ అది పండితుల పద్ధతి. అందులో 'చ'కు ఉత్త సీ, 'ఛ'కు సీహెచ్. 'చరిత్ర' అన్న మాట సీతో మొదలవుతుంది, మన పాఠకుడు దాన్ని 'కరిత్ర' అని చదువుతాడు. పైగా అన్ని హోస్టింగుల్లోనూ ఆ ఎక్స్‌టెన్షన్ ఉండదు. సొంత పట్టిక రాసుకోవడమే నయం. మొత్తం కలిపినా వంద వరుసలు దాటదు.

లెక్క ఇది. హల్లు తర్వాత గుణింతం గుర్తు వస్తే హల్లుకు దాని ఇంగ్లీషు అచ్చు కలపాలి. పొల్లు వస్తే ఏమీ కలపకూడదు. రెండూ లేకపోతే ఇంగ్లీషు 'ఏ' (a) కలపాలి. ప్రెగ్ రీప్లేస్ కాల్‌బ్యాక్‌తో ఒకే ప్యాటర్న్‌లో అయిపోతుంది, కాకపోతే ప్యాటర్న్ చివర 'యు' మాడిఫయర్ తప్పనిసరి. అది లేకపోతే పీహెచ్‌పీ అక్షరాలను బైట్లుగా చీల్చి చూస్తుంది, ఫలితం చెత్త.

సున్నాకు చాలామంది ఎప్పుడూ ఎమ్ అనో, ఎప్పుడూ ఎన్ అనో పెట్టేస్తారు. మొదటి పద్ధతిలో 'పండుగ' ఎబ్బెట్టుగా వస్తుంది, రెండో పద్ధతిలో 'పుస్తకం'. చిన్నప్పుడు నేర్చుకున్న వర్గాక్షరాలే ఇక్కడ పనికొస్తాయి. సున్నా తర్వాత క నుంచి న వరకు ఏ హల్లు వచ్చినా ఎన్, మిగతా అన్ని చోట్లా, మాట చివర కూడా, ఎమ్. సంగీతం, సంపాదకీయం, సంవత్సరం, సింహం అన్నీ జనం రాసుకునేట్టే వస్తాయి. యూనికోడ్‌లో క నుంచి న వరకు అక్షరాలు వరుసగా ఉన్నాయి కాబట్టి ప్యాటర్న్‌లో క, గీత, న అని రాస్తే చాలు. ఈ ఒక్క వరుసతో లింకులు సగం బాగుపడతాయి.

ఆ తర్వాత కంటికి కనపడనివి. 'సాఫ్ట్‌వేర్', 'హైదరాబాద్‌లో' లాంటి మాటల్లో పొల్లు పక్కన ఒత్తు పడకుండా కీబోర్డు ఒక సున్నా వెడల్పు గుర్తు పెడుతుంది, జెడ్‌డబ్ల్యూఎన్‌జే అంటారు. అన్నిటికంటే ముందు దాన్ని తీసేయండి. తెలుగు అంకెలుంటే మామూలు అంకెలు చేయండి.

జ్ఞానం జీఎన్‌తో రాయాలా జేఎన్‌తో రాయాలా, త అంటే ఉత్త టీ చాలా లేక లలితలో రాసుకున్నట్టు టీహెచ్ పెట్టాలా, కృష్ణకు ఆర్‌ఐ, సంస్కృతికి ఆర్‌యూ ఎందుకు అన్న వాదనలు తెల్లవార్లూ జరుగుతాయి. సంపాదకవర్గంలో ఒకరికి అప్పగించి ఆయన మాటే ఫైనల్ అనేయండి. విడిగా చూడాల్సిన మాటలకు చిన్న మినహాయింపుల జాబితా పెట్టుకుని, మామూలు మార్పిడి కంటే ముందు ఎస్‌టీఆర్‌టీఆర్ ఫంక్షన్‌తో మార్చేయండి. అది పొడుగు మాటలను ముందు చూస్తుంది కాబట్టి క్రమం గురించి టెన్షన్ ఉండదు.

లైవ్ సైటులో ఇదేదీ ప్రయత్నించకండి. మీ కంప్యూటర్‌లో ఎక్స్‌ఏఎమ్‌పీపీనో, లోకల్ అనే సాఫ్ట్‌వేరో వేసుకోండి. ఊరికే చూడటానికైతే బ్రౌజర్‌లోనే నడిచే వర్డ్‌ప్రెస్ ప్లేగ్రౌండ్ ఉంది. కాన్ఫిగ్ ఫైల్లో డబ్ల్యూపీ డీబగ్, డబ్ల్యూపీ డీబగ్ లాగ్ రెండూ ఆన్ చేస్తే తప్పులన్నీ డబ్ల్యూపీ-కంటెంట్‌లో డీబగ్ డాట్ లాగ్ ఫైల్లో పడతాయి. పరీక్షించేటప్పుడు మామూలు పోస్టు ఒక్కటే చూసి సరిపెట్టుకోవద్దు. షెడ్యూల్ చేసినది, క్విక్ ఎడిట్‌లో మార్చినది, ఫోన్ యాప్ నుంచి పెట్టినది, శీర్షికే లేనిది, సగం ఇంగ్లీషు సగం తెలుగు ఉన్నది, ఒకే శీర్షికతో రెండు పోస్టులు, ఇవన్నీ చూడండి. మార్చాక ఏమీ మిగలకపోతే వర్డ్‌ప్రెస్ ఇచ్చిన స్లగ్‌నే ఉంచేయాలి.

సెట్టింగుల పేజీ ఇప్పుడే వద్దు. పేజీ పెట్టారంటే ఫారం వస్తుంది, ఫారం వచ్చిందంటే పంపినవాడికి అధికారం ఉందా అని 'కరెంట్ యూజర్ కెన్'తో చూడాలి, నాన్స్ (ఫారం మీ సైటు నుంచే వచ్చిందని చూపే గుర్తు) చూడాలి, లోపలికి వచ్చేదాన్ని శుభ్రం చేయాలి, బయటికి వెళ్లేదాన్ని ఎస్కేప్ చేయాలి, అంటే బ్రౌజర్ కోడ్‌గా తీసుకోకుండా మార్చాలి. నాన్స్ ఉంటే అధికారం చూడక్కర్లేదనుకోవడం తప్పు, ఆ రెండూ వేర్వేరు ప్రశ్నలు. పట్టిక మార్చుకోవాలంటే ఫైల్లోనే మార్చుకోండి.

పాత పోస్టుల లింకులు కూడా మార్చేద్దామా అంటారు, నాకు తెలుసు. నా సలహా వద్దనే. మార్చి తీరాలంటే బ్యాకప్ తీసుకుని, డబ్ల్యూపీ-సీఎల్‌ఐ (కమాండ్లతో వర్డ్‌ప్రెస్‌ను నడిపే సాధనం) తో కొన్ని కొన్ని చొప్పున, అదీ 'డబ్ల్యూపీ అప్‌డేట్ పోస్ట్' ద్వారానే చేయండి. అలా చేస్తే పబ్లిష్ అయిన పోస్టు పాత స్లగ్‌ను వర్డ్‌ప్రెస్ గుర్తుపెట్టుకుని పాత లింకు నొక్కినవాళ్లను కొత్తదానికి పంపిస్తుంది. పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో నేరుగా డేటాబేస్ మారిస్తే ఆ సదుపాయం ఉండదు. పేజీలకు అదెలాగూ లేదు.

డైరెక్టరీలో పెట్టకుండా మీ దగ్గరే ఉంచుకుంటే ఇంకో జాగ్రత్త. మీ ఫోల్డర్ పేరు డైరెక్టరీలో ఉన్న వేరే ప్లగిన్ పేరుతో కలిసిందంటే, 'అప్‌డేట్ వచ్చింది' అని చూపిస్తుంది, ఎవరో నొక్కుతారు, మీ కోడ్ స్థానంలో వాళ్ల కోడ్ వచ్చి కూర్చుంటుంది. 2021లో వచ్చిన 5.8 వెర్షన్ నుంచి దీనికి మందు ఉంది. ఫైలు పైన కామెంట్‌లో 'అప్‌డేట్ యూఆర్ఐ' అనే వరుసలో ఫాల్స్ అని రాస్తే డైరెక్టరీ దాని జోలికి రాదు. ఎవరూ పొరపాటున డీయాక్టివేట్ చేయకూడదనుకుంటే ఆ ఒక్క ఫైలును ఎంయూ-ప్లగిన్స్ ఫోల్డర్‌లో నేరుగా పెట్టండి, దానంతట అదే నడుస్తుంది. కాకపోతే సబ్ ఫోల్డర్‌లో పెడితే చూడదు.

డైరెక్టరీలో పెట్టడం కుదురుతుంది, కానీ అది వేరే ఉద్యోగం. జీపీఎల్ (వర్డ్‌ప్రెస్ వాడే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్స్) కు సరిపడే లైసెన్స్ ఉండాలి, నిర్ణీత పద్ధతిలో రీడ్‌మీ ఫైలు ఉండాలి. జిప్ పంపే ముందు 'ప్లగిన్ చెక్' అనే వాళ్ల సొంత ప్లగిన్‌తో పరీక్షించుకోండి, చిల్లర తప్పులన్నీ అక్కడే బయటపడతాయి. ఆ తర్వాత మనుషులు చదివి అభ్యంతరాలు రాసి పంపుతారు. ఆమోదం వచ్చాక కోడ్ పంపేది గిట్‌తో కాదు, ఎస్‌వీఎన్‌తో (రెండూ కోడ్ వెర్షన్లు దాచే సాధనాలే). 2024 అక్టోబర్ నుంచి ప్లగిన్ రచయితల ఖాతాలకు రెండంచెల లాగిన్ కూడా తప్పనిసరి చేశారు. ప్లగిన్ స్లగ్ ఒకసారి ఖాయమైతే మార్చరు, కాబట్టి మీ పత్రిక పేరు కాకుండా చేసే పని తెలిసే పేరు ముందే అనుకోండి. అక్కడ పెట్టాక వచ్చే ప్రశ్నలకు మీరే జవాబివ్వాలి, త పక్కన హెచ్ ఎందుకు పెట్టలేదన్న ప్రశ్నతో సహా. దానికోసం పట్టికను మీ సొంత ఫిల్టర్ గుండా పంపండి, 'అప్లై ఫిల్టర్స్' ఒక్క లైను చాలు. హెచ్ కావలసినవాళ్లు వాళ్ల సైటులో వాళ్లే పెట్టుకుంటారు.